పాత జీపుకు వేరే ఇంజను: మాయాబందర్‌లో లెక్క ఎందుకు మారుతుంది?

ఇంజను నీలం పొగ కక్కడం మొదలుపెట్టిన పాత జీపు యజమాని ముందు మూడు దారులుంటాయి. ఉన్న ఇంజన్నే బోరు చేయించి నిలబెట్టుకోవచ్చు. బండిని తుక్కుకు ఇచ్చేయవచ్చు. లేదా వేరే బండి ఇంజను తెచ్చి ఎక్కించవచ్చు. మూడో దారి మన దేశంలో కొత్తదేమీ కాదు. పాడేరు, అరకు ఏజెన్సీ ఘాట్లలో జనాన్ని మోసిన సర్వీసు జీపులు మొదలుకొని హర్యానాలోని మండీ డబ్వాలీలో తయారయ్యే ఓపెన్ జీపుల దాకా, బాడీ ఒక కాలానిది, ఇంజను ఇంకో కాలానిది అయిన బండ్లు ఎన్నో తిరిగాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఛాసిస్, హౌసింగులు గట్టివి. ఇంజను అరిగిపోయాక కూడా అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి. అందుకే ఈ ఆశ.

అయితే విజయవాడ ఆటోనగర్‌లో సరిపోయిన లెక్క మాయాబందర్‌లో సరిపోదు. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రమైన ఈ ఊరు శ్రీ విజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న నగరానికి, రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్ల దూరం. ఆ రోడ్డు అండమాన్ ట్రంక్ రోడ్డు, ఇప్పటి ఎన్‌హెచ్ 4. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు అది జారవా రిజర్వులోంచి సాగుతుంది. అక్కడ నిర్ణీత వేళల్లో, పోలీసు కాన్వాయ్‌లోనే వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు. తర్వాత బారాటాంగ్ దీవికి బండిని పంటు ఎక్కించాలి. రైలు లేదు. విడిభాగాలు చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుంచి ఓడలో రావాలి. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, దానికి తోడు ఉప్పుగాలి. ఇలాంటి చోట బండి దారిలో ఆగిపోవడం ఒక్క యజమాని తలనొప్పితో పోదు, వెనక వచ్చే కాన్వాయ్‌ను కూడా నిలబెడుతుంది. కాబట్టి ఇక్కడ ఇంజను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సింది దాని బలమెంత అని కాదు. అది పాడైతే భాగం ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లలో వస్తుంది అని.

కంపెనీయే చూపిన దారి

1940ల చివర్లో విల్లీస్ జీపుల కూర్పుతో మొదలుపెట్టిన మహీంద్రా, దశాబ్దాల పాటు సీజే 3బీ తరహా జీపులు చేసింది. వాటిలో ఉన్నది హరికేన్ అనే నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. బలం సుమారు 75 హార్స్‌పవర్. లాగుడు శక్తి, అంటే టార్క్, 2,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 155 న్యూటన్ మీటర్లు. తాగుడు మాత్రం ఎక్కువ. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు భారమైంది, డీజిల్ చవకగా ఉండిపోయింది. కంపెనీ తన ట్రాక్టర్లకు వాడుతున్న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ మూలం డీజిల్ ఇంజన్నే జీపులకూ ఇచ్చింది. తర్వాత ఎంఎం 540లో ప్యూజో సంస్థ ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ వచ్చింది. అది 2,112 సీసీ, దాదాపు 62 హార్స్‌పవర్. ఆ తర్వాత 2,523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజను, మెకానిక్కులు ముద్దుగా డీఐ అనేది, జీపుల్లోకి, బొలెరోల్లోకి పాకింది. 2010 థార్‌లో కూడా చవక రకానికి అదే. టర్బోతో 63 హార్స్‌పవర్, 1,500 నుంచి 1,800 ఆర్‌పీఎం మధ్య సుమారు 182 న్యూటన్ మీటర్లు.

ఈ అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. హార్స్‌పవర్ ప్రకారం ఈ రెండు డీజిళ్లూ పాత పెట్రోలు ఇంజను కంటే వెనకబడినవే. ఎక్స్‌డీపీ అయితే టార్క్‌లో కూడా హరికేన్ కంటే తక్కువ. అయినా జనం డీజిల్ వైపే వెళ్లారు. ఆ మార్పిడి బలం కోసం జరగలేదు, ఇంధనం ఖర్చు కోసం జరిగింది. పెట్రోలు జీపులున్నవాళ్లు బజాజ్ టెంపో మెటాడోర్ వ్యాన్‌లోని మెర్సిడెస్ మూలం ఓఎం 616 ఇంజన్నో, కాంటెస్సా కారులోని ఇసుజు డీజిల్‌నో ఎక్కించుకున్నదీ అందుకే.

ఆ కారణం ఇప్పుడు పలచబడింది. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో పోయింది. రెండింటి మధ్య తేడా తగ్గింది. దీవుల్లో ఇంకా తక్కువ, ఎందుకంటే అక్కడ పన్ను తక్కువ. దేశంలో అతి చవక ఇంధనం దొరికే ప్రాంతాల్లో అండమాన్ ఒకటి. 2024 మార్చి తగ్గింపు తర్వాత అక్కడ లీటరు పెట్రోలు సుమారు 82 రూపాయలు, డీజిల్ 78. అదే సమయంలో హైదరాబాద్‌లో 107, 96. ఒక జీపు ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరుగుతుందని, పెట్రోలుతో లీటరుకు 7, డీజిల్‌తో 11 కిలోమీటర్లు ఇస్తుందని అనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 40 వేలు మిగులుతుంది. మాయాబందర్‌లో 28 వేలు. ఇంజను కొనుగోలు, ఓడ కిరాయి, లేతు పని, మేస్త్రీ కూలి కలిపి చూసుకుంటే, ఆ మిగులుతో పెట్టుబడి తిరిగిరావడానికి దీవుల్లో ఎక్కువ ఏళ్లు పడుతుంది. పెట్టుబడి కూడా అక్కడే ఎక్కువ.

ఇంజను పట్టినంత మాత్రాన సరిపోదు

బానెట్ కింద ఖాళీ ఉంది, కొత్త ఇంజను అందులో కూర్చుంటుంది అన్నదాన్ని బట్టి నిర్ణయం తీసుకునేవాళ్లు చాలామంది. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

మామూలు కారులో ఇంజను వెనక గేరుబాక్సు, దాని వెనక ఒక ప్రొపెల్లర్ షాఫ్టు. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. అది బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచుతుంది. సీజే తరహా జీపుల్లో ఈ ట్రాన్స్‌ఫర్ కేసు, స్పైసర్ 18 అనే రకం, నేరుగా గేరుబాక్సు వీపుకే బోల్టులతో బిగించి ఉంటుంది. కాబట్టి వేరే బండి ఇంజన్ను దాని గేరుబాక్సుతో సహా తెచ్చి పెట్టేద్దామంటే ఆ గేరుబాక్సు వెనక ఈ కేసు కలవదు. పాత గేరుబాక్సునే ఉంచి కొత్త ఇంజన్ను దానికి కలపాలి. మధ్యలో లేతు మీద తీసిన అడాప్టర్ ప్లేటు పెట్టాలి. ఇంజను క్రాంకు మధ్య గీత, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్య గీత ఒకదానిపై ఒకటి రావాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా మించితే పైలట్ బేరింగు, క్లచ్చు ప్లేటు, చివరకు గేరుబాక్సు ముందు బేరింగు వరుసగా పోతాయి. మొదటి రోజు బండి బాగానే నడుస్తుంది. రెండు మూడు వేల కిలోమీటర్ల తర్వాత మోత మొదలవుతుంది. అప్పటికి పని చేసిన షెడ్డు ఓడ ప్రయాణమంత దూరంలో ఉంటుంది.

మారుతి జిప్సీ విషయంలో ఈ ఇబ్బంది తక్కువ. 1985లో 970 సీసీతో వచ్చి, 1996లో 1,298 సీసీకి, 2000లో 80 హార్స్‌పవర్ ఎంపీఎఫ్ఐ ఇంజనుకు మారిన ఈ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకుని ఉండదు. విడిగా, చిన్న షాఫ్టు ద్వారా కలుస్తుంది. ఇంజను, గేరుబాక్సు జంటను ఒకేసారి మార్చి, ఆ చిన్న షాఫ్టును కొత్త పొడవుకు చేయించుకుంటే చాలు. జిప్సీల్లో ఇంజను మార్పిళ్లు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

తర్వాతిది ఆయిలు సంపు. జీపు ముందు ఇరుసు ఇంజను కింద నుంచే పోతుంది. అందులో డిఫరెన్షియల్ గుండ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. కారు కోసం చేసిన ఇంజనుకు సంపు లోతు ముందు వైపే ఉంటే, గుంతలో పట్టీలు నొక్కుకున్నప్పుడు ఇరుసు వచ్చి సంపుకు తగులుతుంది. షెడ్డులో నిలబెట్టిన బండికి ఇది కనిపించదు. కొందరు ఇంజన్ను పైకి లేపి కూర్చోబెడతారు. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు తొందరగా అరుగుతాయి. సంపును కోసి వెల్డింగు చేయించడమే సరైన పని, కానీ దానితో పాటు ఆయిలు పీల్చే గొట్టాన్నీ మార్చాలి. ఈ రెండో సగం మరిచిపోయినవాళ్ల ఇంజన్లు ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిలు అందక బేరింగులు పట్టేస్తాయి.

గేరు లెక్క ఇంకోటి. సీజే 3బీ ఇరుసు నిష్పత్తి 5.38. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 5.38 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టాప్ గేరులో 2,500 ఆర్‌పీఎం దగ్గర వేగం గంటకు 60 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. నిదానంగా తిరిగే డీజిల్ పెడితే బండి 60 దాటగానే అరుస్తుంది. మాయాబందర్ దారుల్లో అదొక లోపమే కాదు. అసలు చిక్కు రెండో చివర ఉంది. మూడు గేర్ల టీ 90 గేరుబాక్సులో మొదటి గేరు 2.798, ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజి 2.46, ఇరుసు 5.38. మూడూ గుణిస్తే 37. ఇంజను ఇచ్చే టార్క్ ఇరుసులకు 37 రెట్లై చేరుతుంది. హరికేన్‌తో అది దాదాపు 5,700 న్యూటన్ మీటర్లు. 2010 థార్‌లోని 247 న్యూటన్ మీటర్ల కామన్ రెయిల్ ఇంజన్ను అదే గేరుబాక్సుకు తగిలిస్తే 9,100 దాటుతుంది. ఆ ఇరుసు షాఫ్టులు, క్రౌన్ పినియన్లు తయారైంది మొదటి అంకె కోసం. బురదలో ఒక చక్రం కూరుకుపోయి, డ్రైవరు కసిగా క్లచ్చు వదిలినప్పుడు తెగేది ఏదో ఊహించడం కష్టం కాదు.

బ్రేకుల సంగతి చాలామంది ఆఖర్న గుర్తు చేసుకుంటారు. పెట్రోలు ఇంజను ఇన్‌టేక్‌లో పుట్టే వాక్యూమ్‌తో బ్రేకు బూస్టరు పనిచేస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ వాక్యూమ్ ఉండదు. దానికి వేరే పంపు కావాలి, సాధారణంగా ఆల్టర్నేటరు వెనక ఉండేది. అది లేని ఇంజను తెచ్చుకుంటే పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఇంజను బరువు పెరిగితే ముందు పట్టీలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. రేడియేటరు కూడా పాతదే ఉంచితే తేమ నిండిన గాలిలో, తక్కువ వేగంతో ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్లు మరుగుతాయి.

ఇక ఇంధనం. ట్యాంకు సగం ఖాళీగా ఉన్న బండి రాత్రంతా తడిగాలిలో నిలబడితే ట్యాంకు గోడలకు నీటి చెమట పడుతుంది. పాత రకం మెకానికల్ పంపు కాస్త నీటిని భరిస్తుంది. కామన్ రెయిల్ ఇంజెక్టరు భరించదు. దానికి తోడు కంప్యూటరు పెట్టె, యాక్సిలరేటర్ పెడలు సెన్సరు, తాళం చెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు, మొత్తం వైరింగు ఇంజనుతో పాటే రావాలి. ఒక్క సెన్సరు చెడితే బండి కదలదు, అదేమిటో చెప్పడానికి స్కానరు కావాలి. చెన్నైలో మధ్యాహ్నానికి తేలే పని మాయాబందర్‌లో వారాల పని అవుతుంది.

ఇవన్నీ చూస్తే ఇక్కడ ఎక్కువ మందికి తగిన దారి, ఆకర్షణ లేనిదే అయినా, ఉన్న ఇంజన్నే ఓవర్‌హాలు చేయించడం. డీఐ ఇంజను బొలెరోలతో పాటు దేశమంతా తిరిగింది కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు తేలిగ్గా దొరుకుతాయి. హరికేన్‌కు భాగాలు వెతుక్కోవాలి. ఎక్స్‌డీపీకి కూడా ఏటా కష్టమవుతోంది. మార్చక తప్పని పరిస్థితి ఈ రెండింటి యజమానులదే. వాళ్లకు సాంకేతికంగా సులువైనది అదే కంపెనీ డీఐ. అయితే సాంకేతికంగా సులువైనదంతా చట్టం ముందు చెల్లదు.

ఆర్‌సీలో ఒక ఇంజను, బండిలో ఇంకో ఇంజను

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పుల గురించి చెబుతుంది. మొదట రాసిన రూపంలో అది కాస్త ఉదారంగా ఉండేది. యజమాని ముందుగా తెలియజేసి, రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి తీసుకుంటే మార్పు చేసుకోవచ్చు. పెట్రోలు నుంచి డీజిల్‌కు మారినట్టు ఆర్‌సీ బుక్కులో నమోదైన పాత జీపులకు ఆధారం ఆ నిబంధనే. 2000లో చట్ట సవరణ వచ్చింది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదని ఆ సవరణ చెప్పింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి ఆమోదం పొందిన కిట్ల ద్వారా మారడానికి మాత్రం దారి ఉంచింది. కేరళ రవాణా అధికారులకు, కె. జయచంద్ర అనే వాహన యజమానికి మధ్య నడిచిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సవరణను గట్టిగానే చదివింది. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు విరుద్ధమైన మార్పు చెల్లదని తేల్చింది.

ఆచరణలో దీని అర్థం: అదే తయారీ, అదే రకం ఇంజను పెట్టి, బిల్లు చూపించి, కొత్త ఇంజను నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. వేరే సీసీ, వేరే ఇంధనం, వేరే కంపెనీ ఇంజనుకు రిజిస్ట్రేషన్ అధికారి ఒప్పుకుంటారని ఆశించలేం. అదే కంపెనీది కదా అని పెట్రోలు జీపులో డీఐ పెట్టినా సీసీ, ఇంధనం రెండూ మారతాయి. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకంటే పెద్ద దెబ్బ బీమా వైపు నుంచి వస్తుంది. ప్రమాదం తర్వాత సర్వేయరు ఇంజను నంబరు చూసి తేడా రాస్తే సొంత నష్టం క్లెయిము తిరస్కరణకు దారి దొరికినట్టే.

ఈ చట్టంలో ఒక అన్యాయం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో ఇంజను మార్పిడికి జాతీయ సాంకేతిక నియమావళి ఉంది. బండి బరువును బట్టి ఎంత పెద్ద ఇంజను పెట్టవచ్చో చెబుతుంది. అర్హత ఉన్న ఇంజనీరు బ్రేకులు, మౌంటింగులు చూసి ధ్రువపత్రం ఇస్తే బండి రోడ్డెక్కుతుంది. మన దగ్గర జాగ్రత్తగా చేసిన పనికి, చెట్టు కింద చేసిన పనికి తేడా చెప్పే వ్యవస్థ లేదు. రెండూ ఒకే నేరం. ఫలితంగా జాగ్రత్తగా చేయాలన్న ఒత్తిడి కూడా ఎవరిమీదా లేదు. తనిఖీకి భయపడి దాచిన మార్పులో బ్రేకులు ఎవరూ చూడరు.

ప్రభుత్వ బండ్లకు ఈ చర్చే అక్కర్లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరించరు. రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. జిల్లా కేంద్రంలోని ఏ శాఖ జీపుకైనా పదిహేనో ఏట కొత్త ఇంజను వేయడం వృథా ఖర్చు. ప్రైవేటు బండికి 15 ఏళ్ల తర్వాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరణ దొరుకుతుంది. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన తేలికపాటి మోటారు వాహనానికి ఆ రుసుము 10,000 రూపాయలైంది. ప్రతి పునరుద్ధరణకూ బండిని తనిఖీకి చూపించాలి. ఇంజను మారిన సంగతి బయటపడేది అక్కడే.

చట్టం తెరిచి ఉంచిన కిట్ల దారిలో విద్యుత్ మార్పిడి ఒకటి. 2023 ఏప్రిల్‌లో భారత సైన్యం పాత జిప్సీని విద్యుత్ బండిగా మార్చి ప్రదర్శించింది. ఐఐటీ ఢిల్లీలోని సైనిక విభాగం, టాడ్‌పోల్ ప్రాజెక్ట్స్ కలిసి చేసిన పని అది. 30 కిలోవాట్ల మోటారు, ఒక ఛార్జికి 120 కిలోమీటర్లు. మాయాబందర్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని రంగత్ వెళ్లి రావడానికే అది చాలదు. పైగా దీవుల్లో కరెంటు చాలా వరకు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది.

మెయిన్‌లాండ్ నుంచి తెచ్చే బండి

దీవుల్లో చాలామందికి ఈ సమస్య సొంత మార్పిడి వల్ల కాక, కొన్న బండి వల్ల వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. విశాఖలోనో చెన్నైలోనో ఉన్న బంధువు చూసిపెట్టిన సెకండ్ హ్యాండ్ జీపు ఓడెక్కి రావడం అక్కడ వింత కాదు. అలా తెచ్చిన బండి 12 నెలలకు మించి దీవుల్లో ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ చేయించాలి. పాత రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అధికారి ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు స్వయంగా చూస్తారు. ఆర్‌సీలో 2,112 సీసీ అని ఉండి, కళ్లముందు టర్బో ఉన్న డీఐ కనిపిస్తే బండి రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. అమ్మినవాడు సముద్రానికి అవతల ఉంటాడు.

కొనేముందు చేయాల్సిన పని ఎక్కువేమీ లేదు. ఇంజను బ్లాకు మీద నంబరు చెక్కిన చోటును గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోవాలి. ఛాసిస్ నంబరుకూ అంతే. రెండు ముద్రలనూ ఆర్‌సీతో పోల్చాలి. ఇంధనం, సీసీ గడులు చదవాలి. డీజిల్ మార్పిడి 2000కు ముందు జరిగిందని అమ్మేవాడు చెబితే, ఆర్‌సీలో దాని నమోదు తేదీతో సహా ఉండాలి. చెక్కిన అంకెల చుట్టూ గ్రైండరు గీతలు కనిపించినా, నంబరు పలక కొత్త రివెట్లతో మెరుస్తున్నా ఆ బండికి ఓడ టిక్కెట్టు కొనకపోవడమే మేలు.